మీనమేషాల సంఘం

మా మత్స్య శాస్త్రవేత్తల సంఘానికి చెవిరాళ్ల మేడమ్ అధ్యక్షురాలు కావడానికి కారణం ఒక్కటే. ఆవిడతో ఎవరికీ తగాదా లేదు.

ఆ ఏడు అధ్యక్ష పదవికి ఇద్దరు పెద్దలు పట్టుబట్టారు. ఒకాయన సముద్రపు చేపల మీద పాతికేళ్లు పనిచేసిన మనిషి. రెండో ఆయన చెరువుల్లో చేపల పెంపకంలో దిట్ట, అందరూ చెరువుల డాక్టరు అనేవారు. ఒకరు గెలిస్తే రెండోవారి మనుషులు సంఘం వదిలి వెళ్లిపోయేలా ఉన్నారు. అంతకుముందు మూడు దఫాలు అధ్యక్షుడిగా చేసిన పెద్దాయన ఒకరున్నారు. పదవి పోయినా పెత్తనం పోలేదు గనుక ఆయన్ని మాజీగారు అనేవాళ్లం. టీ విరామంలో ఆయన ఆ ఇద్దర్నీ మెట్ల దగ్గరికి తీసుకెళ్లి ఏదో గుసగుసలాడి వచ్చి, వెనక వరస వైపు చెయ్యి చూపించి, "ఏమ్మా, నువ్వు చేస్తావా?" అన్నారు. మేడమ్ అప్పుడు కళ్లజోడు తీసి రుమాలుతో తుడుచుకుంటున్నారు. ఎవర్ని అడుగుతున్నారో ఆవిడకి కనబడలేదు. కళ్లజోడు పెట్టుకునేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు.

"పోనీలెండి, రెండేళ్లేగా," అన్నారు నాతో, ఇంటికి వెళ్లే బస్సులో.

ఆవిడా నేనూ ఒకే పరిశోధన కేంద్రంలో పనిచేసేవాళ్లం, పక్క పక్క వీధుల్లో ఉండేవాళ్లం. నాది లెక్కల విభాగం. సంఘంలో నేను సహాయ కార్యదర్శిని. పేరు గొప్పగా ఉన్నా, ఎజెండా టైపు చేసి మినిట్స్ రాయడం తప్ప నాకింకో పని లేదు. ఇందులో చెప్పబోయే నాన్చుడులో నా వాటా కూడా ఉందని ముందే ఒప్పుకుంటున్నాను.

చేప తలలో, చెవి ఉండాల్సిన చోట, బియ్యపు గింజకంటే చిన్న రాయి ఒకటి ఉంటుంది. దాన్ని తీసి, పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే, నరికిన చెట్టు మొదట్లో లాగా వలయాలు కనిపిస్తాయి. వాటిని లెక్కపెట్టి చేప వయసెంతో చెప్పొచ్చు. ఇరవయ్యారేళ్లుగా ఆవిడ పని అదే. ఆవిడ గదిలో కిటికీ దగ్గర ఒక మైక్రోస్కోపు, గోడ పొడుగునా చిన్న చిన్న సొరుగులు, ప్రతి సొరుగులో చీటీ అంటించిన గాజు పలకలు. ఆ గది దాటి ఆవిడ గొంతు బయటికి వినబడగా నేను విన్లేదు. అత్తగారు మాత్రం వచ్చినవాళ్లందరికీ, "మనుషుల చెవుల్లో అరిచి చెప్పినా వినిపించట్లేదు, మా కోడలు చేపల చెవుల్లో వెతుకుతోంది," అని చెప్పేది. భర్త బళ్లో డ్రాయింగ్ మాస్టారు. తల్లీ పెళ్లామూ ఒకే గదిలో ఉంటే పెన్సిళ్లు చెక్కుకుంటూ కూర్చునే రకం.

సంఘం నియమావళిలో ఒక నిబంధన ఉంది. కొత్త అధ్యక్షుడు మూడు నెలల్లోగా తన నాయకత్వ లక్ష్యాలు రాసి కార్యవర్గం ముందు పెట్టాలి, కార్యవర్గం వాటిని దిద్ది సర్వసభ్య సమావేశంలో ఆమోదింపజేయాలి. ఇంతకుముందు వాళ్లందరూ పాత అధ్యక్షుడి కాగితమే తేదీ మార్చి ఇచ్చేవారు. మేడమ్‌కి ఆ సంగతి తెలియదు. ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద కూర్చుని నిజంగానే రాశారు. మర్నాడు నాకు చూపించారు. అరపేజీ. మూడే మూడు లక్ష్యాలు.

ఒకటి, రేవుల్లో నిలబడి చేపలు కొలిచే ప్రతి ఒక్కరికీ, డిగ్రీ ఉన్నా లేకపోయినా, ఓటుతో సహా సభ్యత్వం ఇవ్వాలి. రెండు, మన పత్రిక ఏ నెలది ఆ నెలలో రావాలి. మూడు, ప్రభుత్వంగానీ పడవలవాళ్లుగానీ మనల్ని ఏదైనా అడిగితే నెల తిరిగేలోగా జవాబు చెప్పాలి.

"బాగా చిన్నదైందా?" అని అడిగారు. లేదన్నాను. నిజానికి నాకు భయం వేసింది. అలాంటి కాగితం మా కార్యవర్గంలో బతికి బట్టకట్టదని నాకు తెలుసు.

మొదటి లక్ష్యం ఎవరి గురించి రాశారో కూడా తెలుసు. రేవులో స్కేలు బాబాయి అని ఒకాయన ఉండేవాడు. ముప్పై ఒక్కేళ్లుగా కాంట్రాక్టు మీద మా కేంద్రానికి కొలతలు తీసి పంపేవాడు. పొద్దున్న ఆరింటికి పడవలు రాగానే కొలత పలక పట్టుకుని వేలం పాడే చోటికి వెళ్తాడు. బుట్టకి పాతిక చొప్పున చేపలు తీసి, తోక కొస దాకా కొలిచి, కొన్నిటి పొట్ట కోసి జన ఎంతవరకు పండిందో చూసి నోటుబుక్కులో రాసుకుంటాడు. జన అంటే ఆడచేప గుడ్ల సంచి. ఆయన కొలతలతో మా సంఘంలో సగం మంది పరిశోధన పత్రాలు రాసుకున్నారు. ఒక్కదాన్లోనూ ఆయన పేరు లేదు. ఆఖర్న కృతజ్ఞతల్లో 'క్షేత్ర సిబ్బంది' అని మాత్రం వేసేవారు. మేడమ్‌కి చెవిరాళ్ల కోసం తలలు పంపేదీ ఆయనే.

కార్యవర్గం మొదటి సమావేశానికి ఐదు రోజుల ముందు మత్స్యశాఖ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. ఏటా చేపలు గుడ్లు పెట్టే కాలంలో వేట ఆపేస్తారు. ఆ నిషేధ కాలం తేదీలు మార్చాల్సిన అవసరం ఉందా, ఉంటే ఆధారాలతో అరవై రోజుల్లోగా తెలపండి అని అడిగారు. అలా అడగడం మా సంఘం చరిత్రలో అదే మొదటిసారి.

ఆ ఉత్తరం చూసి మేడమ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఎందుకంటే స్కేలు బాబాయి నాలుగేళ్లుగా ఆ మాటే చెబుతున్నాడు. మా రేవులో అన్నిటికంటే ఎక్కువగా పడేది నీలివీపు అని అరచెయ్యంత చేప. దాని జన ఇదివరకటికంటే మూడు వారాలు ముందే పండిపోతోంది. నిషేధం మొదలయ్యేసరికి గుడ్లున్న చేపలన్నీ బుట్టల్లోకి వచ్చేస్తున్నాయి. ఖాళీ పొట్టల చేపల్ని మాత్రం చట్టం కాపాడుతోంది. ఆవిడ ఆ సాయంత్రమే రేవుకి వెళ్లి ఆయనకి ఉత్తరం సంగతి చెప్పారు. మర్నాడు ఆయన ఆరు నోటుబుక్కులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి పంపించాడు. వాటితో నేను పట్టికలు తయారుచేశాను. వారం కూడా పట్టలేదు.

సమావేశం రోజు మేడమ్ ముందు ఉత్తరం చూద్దామన్నారు. మాజీగారు ఎజెండా కాగితం పైకెత్తి చూపించారు. ఒకటో అంశం నాయకత్వ లక్ష్యాలు. ఆఖరి అంశం 'అధ్యక్షుల అనుమతితో ఇతర విషయాలు'. ఉత్తరాలు ఎప్పుడూ ఆ ఆఖరి దాన్లోకే వస్తాయి. వరస తప్పితే సంఘానికి పద్ధతంటూ ఏముంటుంది అన్నారాయన. మేడమ్ నా వైపు చూశారు. అది టైపు చేసింది నేనే. నేను పెన్ను వైపు చూసుకున్నాను.

"పోనీలెండి," అన్నారావిడ. "లక్ష్యాలు మూడే కదా, అరగంటలో అయిపోతాయి."

రెండున్నర గంటలు పట్టింది, అదీ పూర్తవలేదు. వీటిని లక్ష్యాలు అనాలా, ధ్యేయాలు అనాలా, ఉద్దేశాలు అనాలా అన్న దగ్గరే గంట గడిచింది. లక్ష్యమంటే చేరాల్సింది, ధ్యేయమంటే ధ్యానించాల్సింది అని మాజీగారు తేడా చెప్పారు. అలాగైతే మనది ధ్యేయమే అని ఎవరో నవ్వారు, ఆయనకి కోపం వచ్చింది. చెరువుల డాక్టరు మూడింటిలోనూ చెరువుల మాటే లేదని ఎత్తి చూపారు. నాలుగోది చేర్చారు. సముద్రం ఆయన ఊరుకుంటారా, ఐదోది చేర్చారు. ఆరున్నరకి కాపలా మనిషి తాళాలు ఆడించుకుంటూ వచ్చేసరికి ఎనిమిది లక్ష్యాలయ్యాయి. ఉత్తరం ఫైల్లోనే ఉంది.

రెండో సమావేశానికి మాజీగారు నాయకత్వ శిక్షణ ఇచ్చే పెద్దమనిషి ఒకర్ని పిలిపించారు. నాలుగు వారాల తర్వాత గానీ ఆయనకి తీరిక దొరకలేదు. ఉత్సాహవంతుడు. కుర్చీలన్నీ గుండ్రంగా వేయించి, రంగు రంగుల చీటీలు పంచిపెట్టి, ముందుగా ఒక ప్రశ్న అడిగారు. మీరే చేప అయితే ఏ చేప అవుతారు?

చెరువుల డాక్టరు తిమింగలం అన్నారు.

అంతే. తిమింగలం చేప కాదన్నారు సముద్రం ఆయన. ఆ మాత్రం తనకి తెలుసనీ, ఇది మాటవరస అనీ చెరువుల డాక్టరు. మత్స్య శాస్త్రవేత్తల సంఘంలో మాటవరసకైనా తిమింగలాన్ని చేప అనకూడదనీ, అది మినిట్స్‌లోకి ఎక్కితే నలుగురూ నవ్వుతారనీ మాజీగారు. శిక్షకుడు ఎంత సర్దిచెప్పినా ఇరవై నిమిషాలు ఆ వాదన ఆగలేదు. మేడమ్ వంతు వచ్చినప్పుడు, "నేను చేపని కొలిచే మనిషినండీ," అన్నారు. ఆయన ఆ జవాబు బాగుందని గోడకి అంటించారు.

సాయంత్రానికి గోడ నిండా చీటీలు, కాగితం మీద పదిహేడు లక్ష్యాలు. మేడమ్ రాసిన మొదటిది 'అందరినీ కలుపుకుపోయే వృత్తి వాతావరణం దిశగా కృషి' అని మారింది. పత్రిక ఏ నెలది ఆ నెలలో రావాలన్నది 'జ్ఞాన ప్రసారంలో సమయస్ఫూర్తి' అయింది. అడిగినదానికి నెలలోగా జవాబు చెప్పాలన్నది ఎక్కడా కనపడలేదు. అడిగితే, పద్నాలుగోది అదే కదా అన్నారు. పద్నాలుగోది 'సంబంధిత వర్గాలతో సార్థకమైన, సుస్థిరమైన సంభాషణా సంస్కృతిని పెంపొందించడం'.

ఆ రోజూ ఆవిడ ఉత్తరం గుర్తు చేశారు, రెండుసార్లు. మొదటిసారి శిక్షకుడు చీటీ మీద రాసి అంటించమన్నారు. రెండోసారి మాజీగారు వచ్చే సమావేశం ఉంది కదమ్మా అన్నారు. నేను ఎప్పటిలాగే ఆఖరి అంశాన్ని 'సమయాభావం వల్ల తదుపరి సమావేశానికి వాయిదా' అని రాశాను. ఆ వాక్యం రాయడం ఎంత అలవాటంటే, రాసేటప్పుడు నేను ఆలోచించను కూడా.

మేడమ్ ఇంట్లో ఆ సాయంత్రం నేనూ ఉన్నాను, పట్టికల కాగితాలివ్వడానికి వెళ్లి. మాస్టారు ఏమైందని అడిగారు. పదిహేడు లక్ష్యాలయ్యాయని చెప్పి ఆవిడ చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడ్డారు. అత్తగారు పక్క గదిలోంచి, "మీనాల సంఘం అన్నావు, మేషాలు కూడా లెక్కపెడుతున్నారా?" అంది. ఎప్పుడూ అత్తగారి మాటకి మొహం ముడుచుకునే మనిషి, ఆ రోజు, "మేషాలే లెక్కపెడుతున్నారత్తయ్యా, మీనాల జోలికి ఇంకా వెళ్లలేదు," అన్నారు. పెద్దావిడకి కోడలు తన మాటకి మాట కలపడం కొత్త. లేచి వచ్చి ఎదురుగా కూర్చుని, సంగతంతా మొదట్నుంచీ చెప్పమంది. విని, "అయితే నువ్వే ఒక జవాబు రాసి పడెయ్యలేవా?" అని అడిగింది. కార్యవర్గం తీర్మానం లేకుండా అధ్యక్షురాలు సంఘం పేరుతో ఉత్తరం రాయకూడదు. ఆ నిబంధన చెబితే పెద్దావిడ నా వైపు చూసింది, అది నేనే కల్పించినట్టు.

మూడో సమావేశంలో పదిహేడు లక్ష్యాల్నీ ఒక్కొక్కటే చదివి ఆమోదించారు. పద్నాలుగోదాని దగ్గర 'సంభాషణా సంస్కృతి' కంటే 'సంవాద సంస్కృతి' బాగుంటుందేమోనని నలభై నిమిషాలు చర్చించి, చివరికి మొదటి మాటే ఉంచేశారు. ఐదున్నరకి, మొదటిసారిగా, ఆఖరి అంశం దాకా వచ్చాం. నేను ఫైలు తెరిచి మత్స్యశాఖ ఉత్తరం చదివాను. తేదీ దగ్గరికి వచ్చి వేళ్ల మీద లెక్కపెట్టాను. అరవై రోజులు దాటి నాలుగు రోజులైంది.

మాజీగారు మాత్రం, ఇలాంటివి జరుగుతూ ఉంటాయనీ, వచ్చే ఏడు మళ్లీ అడుగుతారనీ అన్నారు.

మేడమ్ ఎదుట ఉన్న పదిహేడు లక్ష్యాల కాగితాన్ని రెండు చేతులతో నెమ్మదిగా పక్కకి జరిపారు.

"ఈ ఏడు గుడ్లు ఈ ఏడే పోతాయండీ," అన్నారు.

"ఆవేశపడకమ్మా."

"ఆవేశం కాదు సార్. ఆ ఒక్క మాట దగ్గర మనం కూర్చున్న నలభై నిమిషాల్లో దీనికి జవాబు రాసుండొచ్చు. పట్టికలన్నీ నా సంచిలోనే ఉన్నాయి. రెండు నెలలుగా మోసుకొచ్చి మోసుకుపోతున్నాను. తప్పు మీ ఒక్కరిదే కాదు. మొదటి రోజే నేను కుదరదని చెప్పాల్సింది. పోనీలెండి అన్నాను."

అంతకంటే పెద్ద మాటేమీ అనలేదు. గొంతు కూడా పెంచలేదు. కానీ ఇన్నేళ్లలో ఆవిడ నోట కుదరదన్న మాట రావడం మాకదే మొదలు. అందరం ఎవరి కాగితాలు వాళ్లు సర్దుకున్నాం. నేను ఆ రోజు మినిట్స్‌లో ఏం రాయాలో తెలియక చాలాసేపు కూర్చుని, చివరికి జరిగింది జరిగినట్టే రాశాను. సహాయ కార్యదర్శిగా నేను చేసిన మంచి పని అదొక్కటే.

మర్నాడు పొద్దున్న ఆవిడ రేవుకి వెళ్తుంటే నేనూ వెళ్లాను. స్కేలు బాబాయి బోర్లించిన బుట్ట మీద కూర్చుని నీలివీపుల పొట్టలు కోస్తున్నాడు. నిషేధానికి ఇంకా పద్దెనిమిది రోజులుంది. పలక మీద వరసగా పెట్టిన పది చేపల్లో ఎనిమిదింటికి జన పండి, వేలితో తాకితే చాలు గుడ్లు రాలిపోయేలా ఉంది. మమ్మల్ని చూసి చెయ్యి తుడుచుకుని, ఉత్తరం వెళ్లిందా అమ్మా అని అడిగాడు. మేడమ్ పక్కన ఇంకో బుట్ట బోర్లించుకుని కూర్చుని, ఏమీ దాచకుండా చెప్పారు. తేదీ, పదిహేడు లక్ష్యాలు, తిమింగలం, అన్నీ.

ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడినా బాగుండేది.

"ఈ లెక్కలు నేనేం చేసుకుంటానమ్మా? మీకిస్తే మీరేదో చేస్తారనేగా ఇన్నాళ్లూ ఇచ్చింది," అన్నాడు. తర్వాత పదకొండో చేప అందుకున్నాడు.

అక్కణ్ణుంచి ఆవిడ ఇంటికి వెళ్లలేదు. రెండు గాజు సీసాల్లో పండిన జన వేసుకుని, పట్టికలు పట్టుకుని, తిన్నగా మత్స్యశాఖ కార్యాలయానికి నడిచారు, వెనకే నేను. లోపల ఒక గుమస్తా ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, ఆ సీసాలు బయట పెడితే తప్ప లోపలికి పంపనన్నాడు. అవి చూపించడానికే వచ్చానని ఆవిడ. అరగంట బెంచీ మీద కూర్చోబెట్టారు. చివరికి అధికారి తనే బయటికి వచ్చాడు. మర్యాదస్థుడే. సీసాలు వెలుగులో పెట్టి చూశాడు, పట్టికలూ తిరగేశాడు. వ్యక్తుల అభిప్రాయాలు తీసుకోవడానికి లేదనీ, సంఘాల ద్వారా రావాలనీ, గడువు దాటిందనీ వివరంగా చెప్పాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. ఫైలు తెప్పించి, మా సంఘం గురించి ఏం రాసుకున్నారో కూడా చూపించాడు. 'శాస్త్రవేత్తల సంఘం నుంచి స్పందన రాలేదు. కాబట్టి ప్రస్తుత తేదీలు మార్చనక్కర్లేదని వారు భావిస్తున్నట్టు పరిగణించడమైనది.'

మేడమ్ ఆ వాక్యాన్ని నిలబడే తన నోటుబుక్కులో ఎక్కించుకున్నారు. బయటికి వచ్చాక మెట్ల మీద ఆగి, "మనం భావించామట," అన్నారు. నవ్వుతున్నారో ఏడుస్తున్నారో నాకు అర్థం కాలేదు.

నెల తర్వాత సర్వసభ్య సమావేశం. నిషేధం అప్పటికే పాత తేదీలకే మొదలైపోయింది. పదిహేడు లక్ష్యాల్నీ నున్నటి కాగితం మీద అచ్చువేయించి, మధ్యలో నీలిరంగు అలల బొమ్మతో, ప్రతి కుర్చీ మీదా ఒకటి పెట్టారు. అధ్యక్షురాలు వాటిని చదివి వినిపించాలి. మేడమ్ వేదిక ఎక్కి, అవి అందరి చేతుల్లోనూ ఉన్నాయి గనుక తీరిగ్గా చదువుకోమన్నారు. తను మూడు కాగితాలు చదువుతానన్నారు. మొదటిది మత్స్యశాఖ ఉత్తరం. రెండోది మా మూడు సమావేశాల మినిట్స్‌లోని ఆఖరి అంశాలు. మూడోది ఫైల్లోంచి ఎక్కించుకొచ్చిన ఆ వాక్యం.

రెండో కాగితం మధ్యలో ఉండగానే మాజీగారు లేచి, ఆమోదం పొందని మినిట్స్‌ని సర్వసభ్య సమావేశంలో చదవడానికి నిబంధన లేదని అభ్యంతరం చెప్పారు. చదవడం అయ్యాక కూర్చుంటానండీ, అని మేడమ్ చదువుతూనే ఉన్నారు. ఆయన నిలబడే ఉన్నారు. ఆవిడ ఆగలేదు. కాసేపటికి ఆయనే కూర్చున్నారు.

తర్వాత ఆవిడ రెండు తీర్మానాలు పెట్టారు. సంఘానికి వచ్చే ఉత్తరాలు ఇకమీదట ఎజెండాలో మొదటి అంశంగా ఉండాలని ఒకటి. అది ఏకగ్రీవంగా నెగ్గింది. ఎలా కాదనాలో ఎవరికీ తోచలేదనుకుంటాను. కొలతలు తీసేవాళ్లకి ఓటుతో సభ్యత్వం ఇవ్వాలని రెండోది. దాని మీద గంటన్నర సేపు మాట్లాడారు. డిగ్రీ లేనివాళ్లకి ఓటిస్తే శాస్త్రం స్థాయి ఏం కావాలని ఒకాయన బాధపడ్డారు. ఆయన పరిశోధన పత్రాల్లో నాలుగు స్కేలు బాబాయి కొలతల మీద నిలబడ్డవే. చేతులెత్తిస్తే అనుకూలంగా అరవై నాలుగు, వ్యతిరేకంగా డెబ్బై ఒకటి. ఓడిపోయింది. చివరికి ఓటు లేని 'సహచర సభ్యత్వం' అని ఒకటి కనిపెట్టి దాన్ని నెగ్గించారు.

మేడమ్ రాజీనామా చేస్తారనుకున్నాం. చేయలేదు. పైగా మిగిలిన ఏడాదిన్నరా మమ్మల్ని కూర్చోనివ్వలేదు. సమావేశం మొదలవగానే ఉత్తరాల ఫైలు బల్ల మధ్యలో పెట్టేవారు. అది ఖాళీ అయ్యేదాకా ఎవరికీ టీ వచ్చేది కాదు. మాజీగారు మొదట్లో అలిగి రాలేదు. తర్వాత టీ అయ్యాక రావడం మొదలుపెట్టారు.

సహచర సభ్యత్వం కోసం స్కేలు బాబాయి చేత దరఖాస్తు నింపించాం. అందులో విద్యార్హతలు అనే గడి ఉంది. ఆయన దాన్లో 'ముప్పై రెండేళ్లు, రోజూ' అని రాశాడు. కార్యదర్శి అసంపూర్తిగా ఉందని తిప్పి పంపారు. మేడమ్ దాని మీదే ఎర్ర సిరాతో 'చూశాను, సరిగానే ఉంది' అని రాసి సంతకం పెట్టి మళ్లీ పంపారు. అది ఇంకో రెండుసార్లు తిరిగింది. అయిదు నెలలకి కార్డు వచ్చింది. బాబాయి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది చూపిస్తే కొత్త కొలత పలక ఇస్తారా అని అడిగాడు. ఆయన పలక మీద పన్నెండు నుంచి పదిహేడు దాకా అంకెలు అరిగిపోయి చాలా కాలమైంది. ఆయన అలవాటు మీద కొలిచేస్తాడు. పలక కోసం కేంద్రానికి రాస్తే, కొత్త పలకలు శాశ్వత సిబ్బందికేనని జవాబొచ్చింది. ఆ జవాబు చదివి మేడమ్ కాగితాన్ని బల్ల మీద పడేశారు. ఆ శనివారం పలక ఇంటికి పట్టుకెళితే మాస్టారు సన్న కుంచెతో, నల్ల పెయింటుతో అంకెలన్నీ మళ్లీ వేసిచ్చారు. ఏ గీత దగ్గర ఏ అంకె ఉండాలో బాబాయి పక్కన కూర్చుని చెప్పాడు. అత్తగారు ఆయనకి భోజనం పెట్టి, చేప చెవిలో నిజంగానే రాయి ఉంటుందా అని అడిగింది. ఇన్నేళ్లూ కోడలు చెప్తే నమ్మని మనిషి, ఆయన ఉంటుందంటే నమ్మేసింది.

రెండో ఏడు మత్స్యశాఖ మళ్లీ అడిగింది. పంతొమ్మిదో రోజున మా జవాబు వెళ్లింది. బాబాయి పట్టికలన్నీ జతచేసి, కొలతలు తీసినవారు అన్నచోట ఆయన పేరు వేశాం. మూడు వారాలు ముందుకి జరపమని అడిగితే రెండు వారాలు జరిపారు. ఆ మూడో వారం ఎందుకు ఇవ్వలేదో ఎవరూ చెప్పలేదు. సంఘం పత్రికలో ఈ విజయం గురించి మాజీగారు సంపాదకీయం రాశారు, పద్నాలుగో లక్ష్యం ఫలించిందని. ఆ సంచిక కూడా రెండు నెలలు ఆలస్యంగానే వచ్చింది. మేడమ్ అది చదివి, మడిచి, సొరుగులో పెట్టేశారు. ఏమన్నా అంటారేమోనని చూశాను. "ఈ మనిషితో నా వల్ల కాదండీ," అని మాత్రం అన్నారు.

ఇంకో దఫా ఉండమని చాలామంది అడిగారు. ఈసారి నిజంగానే అడిగారు. ఆవిడ ఒక్క మాటలో వద్దన్నారు. చెరువుల డాక్టరు అధ్యక్షుడయ్యారు. బాధ్యతలు అప్పగించే రోజున ఆయన ఎంతో వినయంగా, నాయకత్వ లక్ష్యాల కోసం ఒక ఉపసంఘం వేద్దామనుకుంటున్నాననీ, దానికి మీరే సలహాదారుగా ఉండాలనీ కోరారు. మేడమ్ ఫైలు ఆయన చేతిలో పెట్టి, దాన్లో మూడు ఉత్తరాలున్నాయి, మొదటిదానికి ఇంకా పదకొండు రోజులే టైముంది అని చెప్పి, సంచి భుజానికి తగిలించుకుని వెళ్లిపోయారు.

మర్నాడు రేవుకి వెళ్తున్నానని ఫోను చేసి, మీరూ రండి అన్నారు. స్కేలు బాబాయికి నడుం పట్టేసి వారం రోజులుగా వంగలేకపోతున్నాడు. ఆయన బుట్ట మీద కూర్చుని చేపలు ఏరి ఇస్తున్నాడు, మేడమ్ పలక మీద పెట్టి కొలిచి చెబుతున్నారు, నేను రాసుకుంటున్నాను. రేవంతా తడి, కేకలు, వేలం పాట. ఆవిడ మా పరిశోధన కేంద్రంలో ఎన్నడూ వినపడనంత గట్టిగా అంకెలు చదువుతున్నారు. తొమ్మిదింటి దాకా మూడు వందల పన్నెండు నీలివీపులు కొలిచాం. నేను రాసే ఏడు అంకె ఒకటిలా ఉందని ఆవిడ రెండుసార్లు విసుక్కున్నారు. మూడోసారి పెన్నూ పుస్తకమూ లాక్కుని బాబాయి చేతికిచ్చి, నన్ను చేపలు కడగమన్నారు.